కొత్త రికార్డు కబురు: పాఠకుల ప్రశ్నలు, ఒక బేసిస్టు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం అడిగాయి. లేబుల్ అండ లేకుండా సొంతంగా పాటలు రికార్డు చేసుకునే రాక్ బ్యాండ్, తన రికార్డు వస్తోందన్న సంగతి వినేవాళ్లకు ఎలా చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి? నేను బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తాను. మా రికార్డుల కబుర్లు రాసి పంపే పని మొదటినుంచీ నాదే. పాట కట్టడమంటే ఎంత ఇష్టమో ఈ పనన్నా నాకు అంతే ఇష్టం. కొన్ని జవాబులు పొడుగయ్యాయంటే కారణం అదే.

అక్కా, మేం నలుగురం. మొదటి ఆల్బమ్ మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసినవన్నీ కలిపే పని) అయిపోయింది, ఎనిమిది పాటలు. ఇక మాస్టరింగ్‌కి, అంటే చివరి మెరుగుకి పంపాలి. "అతి త్వరలో ఒక పెద్ద విశేషం" అంటూ రోజుకో మసక బొమ్మ పెట్టి జనాన్ని ఊరిద్దామని మా గాయకుడు అంటున్నాడు. ఉన్నది ఉన్నట్టు ఒక్కసారి చెప్పేస్తే చాలని నాకు అనిపిస్తోంది. ఎవరి మాట సబబు?
— డ్రమ్స్ వాయించే తమ్ముడు

నీ మాటే సబబు తమ్ముడూ. ఊరించడం అనేది ఇప్పటికే లక్షలమంది ఎదురుచూసే వాళ్లకు చెల్లుతుంది. మిమ్మల్ని వినేవాళ్లు 200 మంది ఉన్నారనుకో. వాళ్లు మీ కబురు విప్పి చూసినప్పుడు అందులో విషయం దొరకాలి. మసక బొమ్మ ఒకటి చూసి, ఇంకొకటి చూసి, మూడోసారి చూడటం మానేస్తారు. అసలు రికార్డు వచ్చే రోజు ఆ మూడో కబురే అవుతుంది.

కబురులో ముందు రికార్డు పేరు రాయండి. అది సింగిలో (ఒకటి రెండు పాటలది), ఈపీయో (నాలుగైదు పాటలది), పూర్తి ఆల్బమో చెప్పండి. పాటలు ఎన్ని, మొత్తం ఎన్ని నిమిషాలు. విడుదల తేదీని సంవత్సరంతో సహా వేయండి, "వచ్చే శుక్రవారం" అని వదిలేయకండి. మూడేళ్ల తర్వాత మీ పాట తగిలినవాడు ఆ పాత కబురునే వెతుక్కుంటూ వస్తాడు, అప్పుడు "వచ్చే శుక్రవారం" వాడికి ఏమీ చెప్పదు. డిజిటలా, సీడీయా, క్యాసెట్టా, వినైలా (ముల్లుతో మోగే నల్ల రికార్డు), ఎక్కడ దొరుకుతుంది అన్నది కూడా పైనే ఉండాలి, అడుగున చిన్న అక్షరాల్లో వద్దు. ఎవరు ఏం వాయించారు, ఎవరు రికార్డు చేశారు, ఎవరు మిక్స్ చేశారు, ఎవరు మాస్టర్ చేశారు, ముఖచిత్రం ఎవరిది, అందరి పేర్లూ వేయండి. అన్నిటికన్నా ముఖ్యంగా, చదువుతున్న ఆ నిమిషాన వినడానికి ఒక పాట ఇవ్వండి. చదివి ఊరుకునే కబురు రాక్ బ్యాండ్ నుంచి రాకూడదు.

ఇవన్నీ అయ్యాక ఒక్క పేరా మీ సొంతం. చాలా బ్యాండ్లు ఇక్కడే జారిపోతాయి. "ఇది మా మనసుకు ఎంతో దగ్గరైన ప్రయాణం" అని రాస్తారు. ప్రతి బ్యాండూ ప్రతి రికార్డుకూ అదే రాస్తే చదివేవాడికి మీ రికార్డు గురించి ఏం తెలిసినట్టు? మీకు మాత్రమే తెలిసినది రాయండి. "మూడో పాటకి డ్రమ్స్‌ని మెట్ల కింద పెట్టి, పై అంతస్తులో ఒకే ఒక్క మైకు వేలాడదీసి రికార్డు చేశాం" అని రాసి చూడు. చదివినవాడు తిన్నగా మూడో పాటకే వెళ్తాడు, ఆ మెట్లను వినడానికి. ఆ మనిషి ఇక మీవాడు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1977 జనవరిలో ఇంగ్లండ్ బ్యాండ్ బజ్‌కాక్స్ తన మొదటి ఈపీ "స్పైరల్ స్క్రాచ్"ను న్యూ హార్మోన్స్ అనే సొంత లేబుల్ మీద వేసుకుంది. ఇంట్లోవాళ్ల దగ్గర, స్నేహితుల దగ్గర అప్పు చేసి మొదట 1000 కాపీలు ప్రెస్ చేయించారు. దాని అట్ట మీద ఒక్కో పాట పక్కన అది ఎన్నో టేకో, దాని మీద తర్వాత గిటార్ కలిపారో లేదో అచ్చు వేశారు. మరుసటి ఏడాది స్క్రిట్టి పొలిట్టి అనే బ్యాండ్ తన తొలి సింగిల్ అట్ట మీద ఏకంగా ఖర్చుల లెక్కే వేసింది. అట్ట చదివినవాళ్లకు రికార్డు ఎలా తయారైందో తెలిసింది, ఈ పని తామూ చేయవచ్చన్న ధైర్యమూ వచ్చింది. ఇప్పుడు మన కబుర్లకు అట్ట కొలతల ఇబ్బంది కూడా లేదు. మరి దాచుకోవడం ఎందుకు?

ఇక ఎప్పుడు చెప్పాలి? మాస్టర్ ఫైళ్లు చేతికి వచ్చి, నలుగురూ కూర్చుని మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఆపకుండా విని, "సరే" అనుకున్నాక. అంతకుముందు వద్దు. మాస్టరింగ్‌లో పాటల వరస మారుతుంది, మధ్య ఖాళీలు మారతాయి, ఒక్కోసారి మిక్సే మళ్లీ చేయాల్సి వస్తుంది. చేతికి రాని రికార్డుకి తేదీ చెప్పకూడదన్నది మా బ్యాండ్‌లో గట్టి నియమం. డిజిటల్ విడుదలకైతే, "సరే" అనుకున్న రోజు నుంచి నాలుగైదు వారాల దూరంలో తేదీ పెట్టుకోండి. డిస్ట్రిబ్యూటర్ పాటల్ని అన్నిచోట్లకూ చేర్చడానికి, పేరులో తప్పులేమన్నా ఉంటే దిద్దుకోవడానికి ఆ వ్యవధి కావాలి.

మీ గాయకుడి ఉత్సాహాన్ని మాత్రం చిన్నబుచ్చకు. ఆ బొమ్మలు విడుదలయ్యాక పనికొస్తాయి, ఒక్కో పాటకి ఒక్కోటి.

మేడమ్, మా ఆల్బమ్‌ని వినైల్ మీద వేయిస్తున్నాం. ప్రెసింగ్ ఫ్యాక్టరీ వాళ్లు ఒక తేదీ ఇచ్చారు. అదే తేదీ ప్రకటించి ప్రీ-ఆర్డర్లు (ముందే డబ్బు కట్టే ఆర్డర్లు) తెరిచేయమంటారా?
— గిటార్, కీబోర్డు రెండూ చూసుకునే ఒక పాఠకుడు

ఇప్పుడే తెరవకండి. ఫ్యాక్టరీ ఇచ్చినది అంచనా తేదీ. అది ఎక్కడెక్కడ జారుతుందో తెలిస్తే మీరే ఆగుతారు.

ముందు మీ మాస్టర్‌ని, లాకర్ అనే వార్నిష్ లాంటి పూత పూసిన అల్యూమినియం పళ్లెం మీద లేత్ యంత్రంతో గాడిగా కోస్తారు. ఆ పళ్లెం మీద పల్చగా వెండి పూత వేసి, నికెల్ ద్రావణంలో ముంచి, కరెంటుతో నికెల్ పొర పెంచుతారు. ఊడదీస్తే అది తిరగేసిన అచ్చు, దాన్ని ఫాదర్ అంటారు. దాని నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్. ఆ స్టాంపర్ని ప్రెస్‌కి బిగించి వేడి పీవీసీ ప్లాస్టిక్ ముద్ద మీద నొక్కితే రికార్డు. స్టాంపర్ కూడా అరుగుతుంది, సుమారు 1000 కాపీలు దాటితే కొత్తది వేసుకుంటారు. కొన్నిచోట్ల లాకర్ బదులు రాగి పళ్లెం మీదే నేరుగా కోస్తారు, అప్పుడు మధ్యలో ఒకటి రెండు మెట్లు తగ్గుతాయి. ఏ దారిలో వెళ్లినా, ఒక మెట్టు మీద తేడా వస్తే వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఈ వరుసలో చాలా పనులు ప్రపంచం మొత్తం మీద కొద్ది చోట్లే జరుగుతాయి. 2020 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలోని బ్యానింగ్‌లో అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయింది. అప్పటికి ఈ లాకర్ పళ్లేలు తయారుచేసే చోట్లు రెండే, రెండోది జపాన్‌లో ఉంది. ఒక్క అగ్నిప్రమాదంతో ఎక్కడెక్కడి బ్యాండ్ల తేదీలో కూడా తారుమారు వచ్చే పరిస్థితి ఏర్పడింది.

మీ చేతిలో ఉన్న అసలు ఘట్టం టెస్ట్ ప్రెసింగ్. పూర్తిగా నొక్కే ముందు ఫ్యాక్టరీ కొన్ని కాపీలు పంపుతుంది, అట్ట లేకుండా, తెల్ల లేబుల్‌తో. వాటిని ఒక్కరే వినేసి ఒప్పుకోకండి. తలా ఒకటి తీసుకుని వేర్వేరు ప్లేయర్ల మీద వినండి. ఎక్కడ టక్కుమన్నా పాట, నిమిషం, సెకను రాసుకోండి. ఆ చప్పుడు అన్ని కాపీల్లోనూ అదే చోట వస్తే తప్పు అచ్చులోనే ఉంది, వెనక్కి పంపాలి. ఒక్క కాపీలోనే ఉంటే అది ఆ కాపీ దోషం. ఈ తేడా తెలియక మంచి అచ్చును తిప్పి పంపి నెలలు పోగొట్టుకున్న బ్యాండ్లూ ఉన్నాయి, చెడ్డ అచ్చును ఒప్పుకుని బాధపడిన బ్యాండ్లూ ఉన్నాయి.

టెస్ట్ ప్రెసింగ్ విని "సరే" అన్నాక ప్రీ-ఆర్డర్లు తెరవండి. డబ్బు ముందే వస్తేగానీ ఫ్యాక్టరీకి కట్టలేమంటే, అది కూడా తప్పు కాదు, ఆ మాటే కబురులో రాయండి: "మీ డబ్బుతోనే ప్రెస్ చేయిస్తున్నాం, తేదీ ఇంకా తెలియదు, టెస్ట్ ప్రెసింగ్ వచ్చిన రోజు రాస్తాం." తెలిసి ఎదురుచూసేవాళ్లు ఓపిగ్గా ఎదురుచూస్తారు. డిజిటల్ తేదీని వినైల్ తేదీకి ముడిపెట్టకండి. రెండు తేదీలు, రెండు కబుర్లు. వినైల్ వచ్చిన రోజు చెప్పడానికి కొత్త సంగతి ఉంటుంది కూడా.

మా వినైల్ చేతికి రాకముందే ప్రీ-ఆర్డర్లు తెరిచేశాం. తేదీ చెప్పేశాం, డబ్బు తీసుకున్నాం, తేదీ దాటిపోయింది. ఇప్పుడు జనం అడుగుతున్నారు. రికార్డులు వచ్చాకే జవాబు ఇద్దామని మావాళ్లు అంటున్నారు.
— మాటలు రాసి పాడే ఒక పాఠకురాలు

ఈరోజే రాయండి అమ్మా. వచ్చాక రాసేది వేరే ఉత్తరం. డబ్బు కట్టిన మనిషికి ఆలస్యం కన్నా నిశ్శబ్దం కష్టంగా ఉంటుంది.

పని ఇప్పుడు ఏ మెట్టు మీద ఆగిందో చెప్పండి. "సాంకేతిక కారణాలు" అనకండి, "రెండో వైపు టెస్ట్ ప్రెసింగ్‌లో చప్పుడు వచ్చింది, మళ్లీ కోయిస్తున్నాం" అనండి. డబ్బు వెనక్కి కావాలన్నవాళ్లకు ఎలా అడగాలో అదే ఉత్తరంలో రాయండి, వాళ్లు మిమ్మల్ని వెతుక్కోనక్కర్లేకుండా. ఆర్డర్ ఇచ్చిన వాళ్లందరికీ డిజిటల్ ఫైళ్లు ఇవాళే పంపేయండి. మళ్లీ ఎప్పుడు రాస్తారో చెప్పి, ఆ రోజున చెప్పడానికి ఏమీ లేకపోయినా రాయండి.

మా రెండో ఈపీ అట్టల్ని అచ్చు వేసిన సంస్థ రెండు వైపుల పాటల పట్టికల్ని తారుమారు చేసి పంపింది. మేం పంపిన ఫైలు సరిగ్గానే ఉంది. మళ్లీ అచ్చు వేయించడానికి వారాలు పడుతుందన్నారు. ఆ అట్ట ఫోటోనే కబురులో పెట్టి, ఇలా జరిగింది, కొత్త అట్టల కోసం ఆగుతారా, లేక ఈ అట్టతోనే ఇప్పుడు పంపమంటారా అని ప్రతి ఒక్కరినీ అడిగాం. ఎక్కువమంది ఆ అట్టే కావాలన్నారు. ఇప్పటికీ కచేరీల తర్వాత ఆ కాపీ తెచ్చి సంతకం అడిగేవాళ్లు ఉన్నారు. వినేవాళ్ల మీద నాకు ఇంత నమ్మకం ఎందుకంటే ఇందుకే.

విడుదల ఏ రోజు పెట్టుకోవాలి? అందరూ శుక్రవారమే ఎందుకు అంటారు?
— ఒక బేసిస్టు

2015 జూలై 10 నుంచి రికార్డింగ్ పరిశ్రమ ప్రపంచమంతటా శుక్రవారాన్ని విడుదల రోజుగా ఒప్పుకుంది. అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం, ఇలా దేశానికో రోజు ఉండేది. స్ట్రీమింగ్ సంస్థలు కొత్త పాటల పట్టికల్ని శుక్రవారమే మారుస్తాయి కాబట్టి వాటిలో చేరాలనుకుంటే ఆ రోజే నయం. ఆ పట్టికల మీద ఆశ లేకపోతే మంగళవారం పెట్టుకోండి. ఆ రోజు మీ కబురు చదవడానికి జనానికి కాస్త తీరిక ఉంటుంది. నేనైతే మంగళవారం వైపే మొగ్గుతాను.

గారూ, మా ఆల్బమ్ మొత్తం 52 నిమిషాలు. డిజిటల్‌లో బాగానే ఉంది. ఒకే ఎల్పీ (పెద్ద వినైల్ రికార్డు) మీద సర్దమంటే కోసే ఇంజినీర్ వద్దంటున్నారు. ఆయన మాట వినాలా? వింటే, రెండు రకాలుగా ఉన్న రికార్డు గురించి కబురులో ఎలా చెప్పాలి?
— మూడో ఆల్బమ్ మీద ఉన్న ఒక బ్యాండ్

వినండి. 52 నిమిషాలంటే వైపుకి 26. 12 అంగుళాల ఎల్పీ ఒక వైపు 18 నుంచి 22 నిమిషాల దాకా హాయిగా పడుతుంది. అది దాటిన కొద్దీ గాడుల్ని దగ్గర దగ్గరగా కోయాలి. దగ్గరగా కోయాలంటే ధ్వని స్థాయి తగ్గించాలి, ముఖ్యంగా బేస్, అంటే లోతైన మంద్ర ధ్వని తగ్గించాలి. బేసిస్టుగా నాకు ఆ మాట వింటేనే ప్రాణం ఉసూరుమంటుంది! స్థాయి తగ్గితే ప్లేయర్ ముల్లు గీసుకునే రొద పైకి తేలుతుంది. రాక్ రికార్డుకి ఇంతకన్నా నష్టం లేదు.

ఇంకో సంగతి. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, ఆ వేగం మారదు. కానీ ముల్లు కింద గాడి జరిగే వేగం మారుతుంది: బయటి అంచు దగ్గర సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు, లోపలి చివర సుమారు 21. అదే ఒక సెకను సంగీతాన్ని సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలన్నమాట. అందుకే వైపు చివరికి వచ్చేసరికి డ్రమ్స్‌లోని ఇత్తడి తాళాల మెరుపు, గొంతులోని "స"కారం చెదిరిపోతాయి. గట్టిగా, మిరుమిట్లుగా ఉండే పాటల్ని వైపు మొదట్లో, మెత్తని పాటల్ని చివర్లో పెట్టడానికి కారణం ఇదే. మీ ఆల్బమ్‌లో అన్నిటికన్నా హోరుగా ఉన్న పాట చివరిదైతే, ఎల్పీలో దాని చోటు మార్చడం గురించి ఆలోచించండి.

మీ ముందు రెండు దారులున్నాయి. రెండు రికార్డుల జత వేయడం ఒకటి, ఖర్చు బాగా పెరుగుతుంది. రెండు మూడు పాటలు తీసేసి 42, 43 నిమిషాలకు దించడం రెండోది. నేను రెండోదే చేస్తాను. తీసేసిన పాటలు పనికిరానివని కాదు, వాటికి డిజిటల్‌లో చోటుంది, తర్వాత 7 అంగుళాల సింగిల్‌గానూ వేయొచ్చు.

కబురులో పాటల పట్టికను వైపుల వారీగా రాయండి, మొదటి వైపు, రెండో వైపు, పాట పక్కన నిడివి. డిజిటల్‌లో మాత్రమే ఉన్న పాటల్ని విడిగా చూపించండి. కొన్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లాక ఒక పాట లేదని తెలుసుకోకూడదు. ఎందుకు తీశారో ఒక వాక్యం రాస్తే ఆసక్తిగా చదువుతారు. ఈ గాడుల సంగతి నేను ఎవరికి చెప్పినా చెవులు రిక్కించి విన్నారు.

ఆల్బమ్‌కి ముందు సింగిల్స్ వదలాలా? ఎన్ని? ఏ కబురూ లేకుండా ఒక్కసారే వదిలితే కొత్తగా ఉంటుందని మా డ్రమ్మర్ అంటున్నాడు.
— ఇద్దరు అన్నదమ్ముల బ్యాండ్

చెప్పకుండా వదలడం వినడానికి బాగుంటుంది. రేడియోహెడ్ "ఇన్ రెయిన్‌బోస్" విషయం మీ మనసులో ఉండి ఉంటుంది. 2007 అక్టోబర్ 10న విడుదల, అందుకు పది రోజుల ముందే తమ సైట్‌లో రెండు మాటలతో ప్రకటన, ధర కొనేవాళ్ల ఇష్టం. కానీ అప్పటికి ఆ బ్యాండ్ పెద్ద కంపెనీ కింద ఆరు ఆల్బమ్‌లు వేసి ఉంది. వాళ్లు గుసగుసగా చెప్పినా పత్రికలన్నీ రాశాయి. మీరు చెప్పకపోతే ఎవరూ చెప్పరు.

పది పాటల ఆల్బమ్‌కి ముందు రెండు సింగిల్స్ చాలు. నాలుగైదు వదిలితే విడుదల రోజుకి సగం ఆల్బమ్ పాతబడుతుంది. మొదటిది ఆల్బమ్ ప్రకటనతో పాటే రావాలి. రెండోది దానికి పూర్తిగా వేరే రంగులో ఉండాలి.

రెండు చిన్న పనులు మరచిపోవద్దు. స్పాటిఫైలో పాటను విడుదలకు కనీసం 7 రోజుల ముందు వాళ్ల ఎడిటర్లకు పంపుకుంటే, మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ల రిలీజ్ రాడార్ పట్టికలో అది చేరుతుంది. ఆ గడువు దాటితే అవకాశం పోయినట్టే. ఇంకొకటి ఐఎస్‌ఆర్‌సీ, రికార్డింగ్‌కి ఇచ్చే గుర్తింపు కోడ్, అక్షరాలూ అంకెలూ కలిపి 12. సింగిల్‌గా వదిలిన రికార్డింగే ఆల్బమ్‌లోనూ ఉంటే రెండు చోట్లా అదే కోడ్ వేయండి. కొత్త కోడ్ వేస్తే ఒకే రికార్డింగ్ రెండుగా లెక్కలోకి పోతుంది. ఆల్బమ్ కోసం పాటను మళ్లీ మిక్స్ చేస్తే మాత్రం కొత్త కోడ్ కావాలి.

నేను వాయించను, పాడను. ఒక చిన్న బ్యాండ్ అంటే ప్రాణం. వాళ్ల కొత్త రికార్డు కబురు వచ్చినప్పుడు నేను ఏం చేస్తే వాళ్లకు నిజంగా ఉపయోగం?
— ఒక శ్రోత

మీ ఉత్తరం మా బ్యాండ్ అందరికీ చదివి వినిపించాను.

కొనగలిగితే బ్యాండ్ నుంచే నేరుగా కొనండి. బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట డిజిటల్ అమ్మకంలో సైటు వాటా 15 శాతం, రికార్డులూ చొక్కాల మీద 10 శాతం, ఆపైన డబ్బు చెల్లింపు రుసుము, మిగతాదంతా బ్యాండ్‌దే. 2020 మార్చి 20న వాళ్లు ఒక శుక్రవారం తమ వాటా పూర్తిగా వదులుకున్నారు. ఆ తర్వాత అలాంటి శుక్రవారాలు చాలా పెట్టారు, ఆ రోజు చూసుకుని కొంటే ఇంకా మంచిది.

కొనే వీలు లేకపోతే వినండి, మళ్లీ మళ్లీ వినండి. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకు గత 12 నెలల్లో 1000 స్ట్రీమ్‌లు లేకపోతే దానికి రాయల్టీ లెక్కే కట్టరు. చిన్న బ్యాండ్ ఆల్బమ్‌లో చివరి రెండు పాటలు ఆ గీత కిందే ఉండిపోతాయి. నాకు ఈ నియమం అన్యాయంగా కనిపిస్తుంది, ఎందుకంటే విన్నది తక్కువమందైనా వాళ్లు విన్న మాట నిజమే కదా. కాబట్టి మొదటి పాట దగ్గర ఆగకుండా ఆల్బమ్ చివరిదాకా వినండి.

ఇంకొకటి, దీనికి ఖర్చే లేదు. కబురుకి జవాబు రాయండి. ఏ పాట, ఏ చోట బాగుందో ఒక్క వాక్యం. అలాంటి ఉత్తరాల్ని మేం రిహార్సల్ గదిలో గోడకి అతికించుకుంటాం.

అక్కా, మా రెండో గిటారిస్టు రికార్డింగ్ అయ్యాక బ్యాండ్ వదిలి వెళ్లిపోయాడు, మాటామాటా అనుకుని. ఆల్బమ్ నిండా అతని గిటారే. విడుదల కబురులో అతని పేరు వేయాలా? మావాళ్లలో ఒకరికి ససేమిరా ఇష్టం లేదు.
— పేరు రాయవద్దన్న పాఠకురాలు

వేయాలి తల్లీ. అతను వాయించిన పాటల పక్కన, మీ పేర్లు ఎంత అక్షరంలో ఉన్నాయో అంత అక్షరంలోనే. ఫలానా పాటలో ఆ గిటార్ ఎవరిదని పదేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే జవాబు ఆ రికార్డు మీదే దొరకాలి. ఇప్పటి కోపానికి దానితో పనిలేదు.

కబురులో రెండు వాక్యాలు చాలు: అతను ఈ ఆల్బమ్‌లో గిటార్ వాయించాడు, ఇప్పుడు మాతో లేడు. ఎందుకు లేడో రాయకండి. కబురు బయటికి వెళ్లే ముందు ఆ రెండు వాక్యాలూ అతనికి పంపి, పేరు ఎలా వేయాలో అడగండి. సింగిల్, ఆల్బమ్, పాటల హక్కుల వాటాలు కూడా విడుదలకు ముందే కాగితం మీద పెట్టుకోండి. డబ్బు రాకముందు కుదిరే ఒప్పందం డబ్బు వచ్చాక కుదరదు.

మీకు ఒక బ్యాండ్ సంగతి చెప్పాలి. వాషింగ్టన్ నగరంలో టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బ్యాండ్ 1980లో విడిపోయింది. కచేరీల్లో వచ్చిన డబ్బు పంచుకోకుండా దాచి ఉంచారు. విడిపోయేటప్పుడు ఆ డబ్బు తలా ఇంత తీసుకోవచ్చు, కానీ దాంతో తమ పాటల రికార్డు వేశారు. దానికోసం మొదలుపెట్టిన లేబులే డిస్కార్డ్. మొదటి 1000 కాపీల అట్టల్ని తామే కత్తిరించి, మడిచి, అతికించారు. బ్యాండ్ లేకపోయినా రికార్డు వచ్చింది, ఆ లేబుల్ మీద తర్వాత ఎన్నో బ్యాండ్లు వచ్చాయి. మీ బ్యాండ్ ఇంకా ఉంది. అతనికి ఒక కాపీ పంపండి, తెల్ల లేబుల్ టెస్ట్ ప్రెసింగ్ మిగిలితే అదే పంపండి.

పాత ఈపీ కాపీలు రెండు పెట్టెలు మిగిలిపోయాయి. కొత్త ఆల్బమ్ కబురులో వాటి ఊసు ఎత్తవచ్చా, లేక పరువు తక్కువా?
— ఒక డ్రమ్మర్

తప్పకుండా ఎత్తండి. కొత్త పాట నచ్చినవాళ్లు మొదట అడిగేదే "ఇంకేం ఉన్నాయి" అని. అయితే పాత ఈపీ ఊసు కబురు అడుగున ఒక్క వాక్యంలో ఉండాలి, కొత్తదానికి అడ్డు రాకూడదు. రెండూ కలిపి కొంటే ఒకే పార్సెల్‌లో పంపుతామని రాయండి, ఆర్డర్లు ఎక్కువ వస్తాయి. పంపే ముందు మాత్రం పెట్టెల్లోంచి నాలుగైదు తీసి చూసుకోండి. వినైల్ పడుకోబెట్టి నిలవ ఉంచితే బరువుకి వంగుతుంది. నిలువుగా ఉంచినవైతే ఆ భయం లేదు.